ఏడు మెట్లు దిగడానికి ఒక కాగితం

పొగమంచు మరీ చిక్కబడేసరికి దేవదానం వ్యాన్‌ని రోడ్డు దించి పెట్రోలు బంకు వెనకాల ఆపేశాడు. వేగం ఎనభై దాటొద్దని రోడ్డు మీద బోర్డులు వెలుగుతున్నాయి. ఆ తెలుపులో ఎనభై మాట దేవుడెరుగు, ముందు లారీ ఎర్రదీపాలే కనపడడం లేదు.

"దిగి టీలు తాగండి బాబూ," అన్నాడు దేవదానం. "పాలకొల్లు కాలవగట్ల మీద పదేళ్ళు లారీ తోలినోణ్ణి. నాకే భయమేసిందంటే మరింక మీ ఇష్టం."

ఎడారిలో పొగమంచేమిటని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు. సముద్రాన్ని ఆనుకున్న ఎడారి మరి. పగలంతా కాలిన ఇసక చీకటి పడ్డాక ఒళ్ళు చల్లార్చుకుంటుంది. ఉప్పునీటి ఆవిరి వచ్చి దాని మీద పడుకుంటుంది. పొద్దెక్కేదాకా రెండూ విడవవు. ఉమ్ అల్ క్వైన్ నుంచి అబుదాబి దాకా మనుషుల్ని చేరవేసే దేవదానం లాంటివాళ్ళకి చలికాలంలో ఇది మామూలే. అప్పటికి రెండువేల ఇరవైమూడు డిసెంబరు సగం గడిచింది.

అందరూ దిగారు, ఇద్దరు తప్ప. వెనక సీట్లో మాణిక్యాంబ, ఆమె ముందు సీట్లో ఒక బక్కపలచని మనిషి.

మాణిక్యాంబకి నలభై ఏడేళ్ళు. రామచంద్రపురం పక్క పల్లె. అబుదాబి శివారు బనియాస్‌లో ఒక అరబ్బుల ఇంట్లో పదకొండేళ్ళుగా వంట చేస్తోంది. ఆ ఇంటి పిల్లలు ఆమె చేసే పులిహోర పేరు పలకలేక "పసుపన్నం" అని అరబ్బీలో అడిగి మరీ పెట్టించుకుంటారు. రెండు రోజులు సెలవడిగి ఉమ్ అల్ క్వైన్ వెళ్ళి వస్తోంది. వెళ్ళింది, ఒక ఇంటి గేటుకి ఎదురుగా వేపచెట్టు నీడన గంటన్నర నిలబడింది, వచ్చేసింది. ఆ గేటు లోపల, ఆ ఇంట్లోనే పని చేసే ఆమె చెల్లెలు వీరదుర్గ దుప్పట్లు ఆరేస్తూ కనపడింది. దుర్గ కళ్ళజోడు పెట్టుకుంది. ఎప్పుడు పెట్టుకుందో మాణిక్యాంబకి తెలియదు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుని పద్నాలుగు నెలలైంది.

ముందు సీటతని ఒళ్ళో లాప్‌టాప్ తెరిచి ఉంది. సీట్ల సందులోంచి మాణిక్యాంబకి తెర కనపడుతోంది. తెర మీద ఒక తెల్ల ఆవిడ కూర్చుని ఏదో చెబుతోంది. చప్పుడు లేదు, అతను చెవుల్లో తీగలు పెట్టుకున్నాడు. ఆవిడ మొహం కింద తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే పుట్టుకొస్తున్నాయి.

"మా అమ్మ నా ఎదుగుదలకి అడ్డమన్నారు. ఆమెతో మాట్లాడొద్దన్నారు. తొమ్మిదేళ్ళు మాట్లాడలేదు."

మాణిక్యాంబ ఆ మూడు ముక్కలూ చదివింది. మళ్ళీ చదివింది. తరవాత చెయ్యి చాచి, ముందు సీటు వీపు మీద వేళ్ళతో కొట్టింది.

"ఏవండీ. ఆవిడెవరండీ?"

అతను ఉలిక్కిపడి లాప్‌టాప్ సగం మూశాడు. చెవుల్లో తీగలు పీకి వెనక్కి తిరిగాడు. నలభై దాటిన మనిషి, చెంపలు నెరిశాయి, జేబులో మూడు పెన్నులు.

"మనోళ్ళేనా అక్కా? పొద్దుగాల సంది సప్పుడు లేకుంట కూసున్నవు, మలయాళామె అనుకున్న."

"ఆవిడ సంగతి అడిగానండి."

"గామెనా. గామె మనకేం చుట్టం కాదు. శాన దూరం. సైంటాలజీ అని ఒకటున్నది, ఎన్నడన్న ఇన్నవా?"

"లేదండి. ఆస్పత్రా అండీ?"

అతను నవ్వలేదు. ఆమె గమనించింది. నవ్వకపోవడం ఆయన చాలా కష్టపడి నేర్చుకున్న విద్య అని ఆమెకి తరవాత గాని తెలియలేదు.

సైంటాలజీ అమెరికాలో పుట్టి డెబ్బై ఏళ్ళయింది. మతమని వాళ్ళంటారు. కొన్ని దేశాలు ఒప్పుకున్నాయి, కొన్ని తల అడ్డంగా ఊపాయి. బయటికి వచ్చినవాళ్ళు చెప్పేది వేరు: ఊరికే చేస్తామనే మనస్తత్వ పరీక్షతో మొదలవుతుందనీ, ఆపైన ఒక్కో మెట్టూ ఎక్కిస్తారనీ, మనసులోని సంగతులన్నీ చెప్పించుకుని రాసి పెట్టుకుంటారనీ, ఎదురు మాట్లాడిన అయినవాళ్ళని వదిలించుకోమంటారనీ. ఆ మాటల్ని పత్రికలు అచ్చువేశాయి, టీవీలు చూపించాయి. ముసుగులు తొడుక్కున్న కుర్రకారు ఇంటర్నెట్టులో కూడబలుక్కుని ఆ సంస్థ గుమ్మాల ముందు నిలబడ్డారు. ఇప్పుడైతే బయటపడ్డ ప్రతివాడూ ఒక కెమెరా ముందు కూర్చుని తన గోడు చెప్పుకుంటున్నాడు. అదంతా అబద్ధమని సంస్థ అంటుంది. వాళ్ళ తగువు వాళ్ళ దేశాల్లో తేలుతుంది. ఈ ముందు సీటు మనిషికి, బనియాస్ టైపింగ్ సెంటర్లో అర్జీలు కొట్టుకునే జగిత్యాల రాజేశ్వర్‌కి ఆ తగువులో ఏం పని, అన్నదే ఇక్కడి సంగతి.

దేవదానం రెండు కాగితపు కప్పుల్లో టీ పట్టుకొచ్చాడు. "ఈయనతో జాగ్రత్తండి పిన్నిగారూ. మా వ్యాన్లో పెద్ద సినిమా డైరెక్టరు. తెల్లోళ్ళందర్నీ ఏడిపించి కింద తెలుగు రాస్తాడు."

"నువ్వు జెర బండి తోలు దేవదానం. గదొక్కటే నీకు వస్తది."

"అదీ ఇవాళ రావట్లేదు కదండీ," అంటూ దేవదానం మంచులోకి వెళ్ళిపోయాడు.

మాణిక్యాంబ టీ తాగలేదు. కప్పు చుట్టూ రెండు చేతులూ పెట్టి అడిగింది. "ఫోన్లో మెట్లెక్కిస్తారు, ఏడుమెట్లోళ్ళని, వాళ్ళు కూడా ఇదేనా అండీ?"

రాజేశ్వర్ కిటికీ వైపు చూశాడు. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. "పేరు నేను అనలే అక్కా. నువ్వన్నవు," అన్నాడు మెల్లగా.

ఆయన అలా అనడానికి కారణముంది. ఈ దేశంలో ఫోన్లో ఒకరి పేరు పెట్టి నింద వేస్తే, అది నిజమే అయినా, కేసు దాకా పోవచ్చు. తిట్టు వాట్సాప్‌లో పెట్టి వీసా పోగొట్టుకుని ఇంటికి పోయినవాళ్ళ కథలు పనివాళ్ళ క్యాంపుల్లో బోలెడు. అందుకని రాజేశ్వర్ ఇక్కడివాళ్ళ పేరెత్తడు. సముద్రాలవతల మనుషులు తమ గురించి తాము చెప్పుకున్న మాటల్ని, వాళ్ళ అనుమతి అడిగి, తెలుగులో కింద రాస్తాడు. చూసినవాడు తన కథ తనే గుర్తుపడతాడు. పిట్టకథలు చెప్పి రాజులకి బుద్ధి గరిపిన మంత్రులు కూడా చేసింది ఇదే. ఎదుటివాడి పేరు ఎత్తకుండా నక్క పేరు చెప్పేవారు.

ఇక ఆయన గురించి.

రాజేశ్వర్‌ది జగిత్యాల దగ్గర పల్లె. ఇంటర్ తప్పి, రెండువేల ఏడులో దుబాయ్ వచ్చాడు. అబుదాబి వచ్చినా దుబాయ్ అనే అంటారు వాళ్ళ ఊళ్ళో. హెల్పర్‌గా ఇనుప చువ్వలు మోసేవాడు. ఒక వర్షం రోజు సైటు ఆఫీసులో హాజరు పట్టీలు తడిసిపోతుంటే, తనే కూర్చుని అన్నీ మళ్ళీ శుభ్రంగా రాసిపెట్టాడు. ఆ చేతిరాత చూసి సిరియా గుమాస్తా ఒకడు ఆయనకి అరబ్బీ టైపు నేర్పాడు. అక్కడినుంచి బనియాస్ టైపింగ్ సెంటరు. వీసా, ఆరోగ్య కార్డు, ఒప్పందం, రద్దు, ఏదైనా ఈ దేశంలో ఒక అర్జీతో మొదలై ఒక అర్జీతో ముగుస్తుంది. ఆ అర్జీ కొట్టేవాళ్ళు ఇలాంటి కొట్లలో ఉంటారు. రాజేశ్వర్‌కి అర్జీ అంటే ప్రేమ. మంచి వడ్రంగి తలుపు చెక్క తట్టి చూసినట్టు, ఆయన ఏ కాగితం చేతికొచ్చినా ముందు అడుగు భాగం చూస్తాడు: ఎవరు పుచ్చుకుంటున్నారు, ఎక్కడ ఉంటారు, వద్దనుకుంటే ఏం చెయ్యాలి.

రెండువేల ఇరవై వేసవిలో కరోనాకి క్యాంపులు మూశారు. అప్పుడు రాజేశ్వర్ ముసఫాలోని ఐకాడ్ క్యాంపులో, వెల్డింగ్ పని చేసే ప్రమోద్‌తో ఒకే గదిలో ఉండేవాడు. ఇద్దరిదీ ఒకే మండలం. పదేళ్ళు ఒకే కంచంలో తిన్నారంటే మాట వరసకి కాదు, నిజంగానే. గదిలో ఉన్నదే ఒక పెద్ద పళ్ళెం. గేటుకి తాళం పడ్డ ఆ రోజుల్లో ఫోన్లలో ఒక లింకు తిరిగింది. "మీ మనసు ఎంత బలమైనది? ఉచిత పరీక్ష. నలభై ప్రశ్నలు." గదిలో అందరూ నింపారు. రాజేశ్వర్ అడుగు భాగం చూశాడు. పేరు లేదు, ఊరు లేదు. అనుమానమొచ్చి నాలుగు సార్లు నాలుగు రకాలుగా నింపాడు. నాలుగు సార్లూ ఒకటే జవాబు: "మీ మనసు బలహీనంగా ఉంది. మాతో మాట్లాడండి."

ప్రమోద్ మాట్లాడాడు.

రోజూ ఒక గొంతు ఫోన్ చేసి అడిగేది, ఇవాళ నీకు ఏం బాధ కలిగిందని. ఎడారిలో వెల్డింగ్ చేసేవాణ్ణి ఆ మాట అడిగినవాడు అంతకుముందు లేడు. మొదటి మెట్టు, రెండో మెట్టు. రాజేశ్వర్ భయపడి ఇంటర్నెట్టులో వెతికాడు. వెతుకుతుంటే ఈ తెల్లవాళ్ళు తగిలారు. వాళ్ళు చెప్పే పరీక్షా, మెట్లూ, చెప్పించుకోవడమూ అన్నీ ఇక్కడా అచ్చుగుద్దినట్టు కనపడ్డాయి. ఏడుమెట్లవాడు ఎవడో ఆ దారి చూసి కాపీ కొట్టాడో, లేక మనుషుల్ని కట్టేసే తాళ్ళన్నీ ఒకేలా పేనుతారో. రాజేశ్వర్ అవన్నీ ప్రింట్లు తీసి, ఎర్ర పెన్నుతో గీతలు గీసి, ప్రమోద్ మంచం మీద పరిచాడు. పరిచి నవ్వాడు కూడా. "సూడు, నీ గురువు గుట్టు," అన్నాడు.

వారం తిరక్కుండా ప్రమోద్ గది మారాడు. తరవాత కంపెనీ మారాడు. ఆఖరికి తన ఫోన్లో రాజేశ్వర్ నంబరు బందు పెట్టాడు. ఇప్పటికి మూడేళ్ళు దాటింది.

అందుకే రాజేశ్వర్ ఇప్పుడు నవ్వడు, వాదించడు. రాస్తాడంతే.

మంచు తొమ్మిదిన్నరకి విచ్చింది. వ్యాన్ కదిలింది. బనియాస్‌లో ఆయన దిగితే మాణిక్యాంబ కూడా దిగింది. ఆమె పని చేసే ఇల్లు అటువైపు. ఆమె ఇటు నడిచింది, ఆయన వెనకాలే పది అడుగుల దూరంలో. టైపింగ్ సెంటరు ముందు ఆయన ఆగి తిరిగి చూశాడు. ఏమీ అడక్కుండా ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశాడు.

"కూసో అక్కా. శనివారం గద, మంది తక్కువే ఉంటరు. ఒంటిగంటకు బందు చేస్త."

ఇద్దరు పాకిస్తానీల కాగితాలు కొట్టి పంపేదాకా ఆమె చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాళ్ళు వెళ్ళాక చెప్పడం మొదలుపెట్టింది. గోడ మీది క్యాలెండరుకి చెబుతున్నట్టు చెప్పింది.

"నాకు నిద్ర పట్టేది కాదండి. అదీ మొదలు. మూడింటికి లేచి కూచునేదాన్ని. ఫోన్లో ఆవిడెవరో, మా గోదారి యాసేనండి, చల్లగా మాట్లాడేది. పడుకున్నావా అమ్మా, తిన్నావా అమ్మా అని. పన్నెండు మందికి వండి పెడతాను, నేను తిన్నానో లేదో అడిగిన మనిషి ఆవిడేనండి. తప్పంటారా?"

"తప్పెందుకైతది."

"మూడో మెట్టులో ఒక ప్రశ్న ఉంటదండి వారం వారం. ఈ వారం నీ మార్గం గురించి ఎవరు నవ్వారు, పేర్లు చెప్పు అని. మా దుర్గ నవ్విందండి. నిద్ర రాకపోతే నాకు చెయ్యవే ఫోను, ఊళ్ళో వాళ్ళకి ఎందుకు చేస్తావు, అని నవ్వింది. అబద్ధం చెప్పకూడదు కదాని, పేరు చెప్పేశాను." మాణిక్యాంబ సంచి జిప్పు లాగి, మళ్ళీ వేసింది. "నేనేనండి చెప్పింది. ఎవరూ కనిపెట్టలేదు. నా నోటితో నేనే నా చెల్లిని పట్టించాను. అది అడ్డు మనిషి అన్నారు. మెట్టు ఎక్కేదాకా మాట వద్దన్నారు. దాని నంబరుకి తాళం వేసి, అలాగే ఉంటానని వాళ్ళ మాటపత్రం మీద సంతకం చేశాను. అందులో ఉందండి. మాట తప్పితే ఏడు జన్మలు ఆ పాపం అడ్డు మనిషికి తగుల్తది అని. నాకు కాదండి. దానికి."

రాజేశ్వర్ పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకు తగుల్తదంటే నేను ఆ రోజే ఫోన్ చేసేదాన్ని," అంది మాణిక్యాంబ.

పూర్వం రాజులు ఊళ్ళు దానమిచ్చి రాతి మీద శాసనాలు చెక్కించేవారు. ప్రతి శాసనం చివరా ఒక శాపం తప్పదు: ఈ ధర్మం చెరిచినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడు, అరవై వేల ఏళ్ళు పెంటలో పురుగై పుడతాడు అని. ఏనుగులూ కత్తులూ ఉన్న రాజు కూడా తన మాట తన తరవాత నిలుస్తుందని నమ్మలేక పురుగుల్ని సాయం పిలిచాడు. చెరకుతోటల్లో పనికి ఓడలెక్కి ఫిజీకి పోయినవాళ్ళు గిర్మిట్ అనే ఒప్పంద కాగితం మీద వేలు పెట్టారు. చదవడం రాకపోయినా, వేలు పెట్టాక వెనక్కి లేదని మాత్రం చదివినంత బాగా తెలుసు. కాగితానికి మన జనం భయపడినంతగా పులికి కూడా భయపడలేదు. అందులోనూ దుబాయ్ వచ్చినవాడికి ఆ భయం ఎముకల్లోకి దిగుతుంది. ఇక్కడ వీసా రద్దు కాకుండా మనిషి ఎక్కడికీ పోలేడు. రద్దు చేసుకోకుండా పారిపోతే వాణ్ణి ఖల్లివెల్లి అంటారు. ఖల్లివెల్లి అయినవాడు పోలీసు కనపడితే గల్లీ మారతాడు.

కాగితం భయం ఇంత లోతని రాజేశ్వర్‌కి నేర్పినవాడు భూమేశ్. ఐకాడ్‌లో పెయింటరు. రాజేశ్వర్ తెలుగు రాసిన వీడియోలు పదమూడు చూసి, ఒకరోజు కొట్టుకొచ్చాడు. "అన్నా, గా ఏడుమెట్లు మోసమని నాకు ఎర్కయింది. కని సంతకం పెట్టిన గద. క్యాన్సిల్ గాకుంట ఎట్ల ఇడిసిపెట్టొస్త? ఏడు జన్మలు ఖల్లివెల్లి ఉండాల్నా?"

మూడేళ్ళు తను పోగేసిన సాక్ష్యాలన్నీ, పేపర్ల కథనాలూ, టీవీ ముక్కలూ, ఏడ్చిన మొహాలూ, ఇవన్నీ భూమేశ్‌ని కొట్టు దాకా తెచ్చాయి. గుమ్మం దాటించేది మాత్రం వేరే ఉంది. రాజేశ్వర్ కుర్చీ లాక్కుని, వీసా రద్దు అర్జీ నమూనా ముందు పెట్టుకుని, ఒక కాగితం తయారుచేశాడు. పైన వరస సంఖ్య, మధ్యలో విషయం, కింద సంతకం, తేదీ, మూడు ప్రతులు. భూమేశ్ దాన్ని మడిచి గుండె జేబులో పెట్టుకుని, హల్వా తినిపించి మరీ పోయాడు. ఆ తరవాత ఇంకో పద్దెనిమిది మంది వచ్చారు. సెలవు దొరకనివాళ్ళ దగ్గరికి తనే పోతాడు. ముందు రోజు ఉమ్ అల్ క్వైన్ వెళ్ళిందీ అందుకే, అక్కడి అల్యూమినియం ఫ్యాక్టరీ క్యాంపులో ఒకడి సంతకం కోసం.

రాజేశ్వర్ కంప్యూటర్లో ఆ కాగితం తెరిచాడు.

"ఇను అక్కా. ముందుగాలనే చెప్తున్న. ఇది సర్కారు కాగితం కాదు. నేను కొట్టిన ఉత్త కాగితం. దీనికి ఏ తాకత్ లేదు."

"మరి వాళ్ళది?"

"అదీ గంతే. ఎవలో కూసోని కొట్టిందే. అక్షరాలు గూడ తప్పులున్నయ్ అండ్ల."

మాణిక్యాంబ తెర వైపు వంగింది. "అయితే కాగితానికి కాగితం."

"కాగితానికి కాగితం. పేరు చెప్పు."

పేరు చెప్పింది. తండ్రి పేరు చెప్పింది. ఏ తేదీ నుంచి అంటే ఇవాళ్టి నుంచి అంది.

"ఎన్ని జన్మలకని రాయాలె?"

"వాళ్ళు ఏడన్నారు. ఆరు వెయ్యండి. ఇదొకటి అయిపోవచ్చింది కదా."

"గిది గూడ పనికొస్తది అక్కా. ఏడే రాస్త."

యంత్రం మూడు ప్రతులు బయటికి నెట్టింది. రాజేశ్వర్ నిలబడి చదివాడు. ఎవరికి చదివినా నిలబడే చదువుతాడు, కోర్టులో చదివినట్టు. "నేను, మాణిక్యాంబ, నా పూర్తి తెలివితో, ఎవరి బలవంతం లేకుండా, గతంలో ఇచ్చిన మాటను ఈ తేదీ నుంచి ఏడు జన్మలకూ రద్దు చేసుకుంటున్నాను. ఆ మాట వల్ల కలిగే మేలుకీ కీడుకీ నాకు గానీ, నా చెల్లెలు వీరదుర్గకు గానీ సంబంధం లేదు. ఒక ప్రతి అవతలివారికి, ఒకటి నాకు, ఒకటి దస్త్రానికి."

మాణిక్యాంబ సంతకానికి పెన్ను పట్టుకుంది. పెట్టలేదు.

"దుర్గకి ఏవైనా అయితేనండి?"

పుస్తకాల్లో అయితే ఇక్కడ మూఢనమ్మకాల మీద ఒక పేజీ ఉపన్యాసం పడుతుంది. రాజేశ్వర్ సొరుగు లాగాడు. ఒక ప్లాస్టిక్ కవరు తీసి ఆమె ముందు పెట్టాడు. లోపల అదే కాగితం, మూడు ప్రతులు. పేరు ప్రమోద్. సంతకం చోటు ఖాళీ.

"నా దోస్తుది. వాడు అడగలే. నేనే కొట్టి పెట్టిన. వస్తడేమో అని."

"ఫోన్ చెయ్యలేదా అండీ?"

"ప్రతి శుక్కురారం చేస్త. బందు పెట్టిండు గద, మోగది. అయినా చేస్త." ఆయన కవరు అంచు బొటనవేలితో నిమిరాడు. "నేను ఎన్ని నిజాలు సూపెట్టిన్నో ఎర్కనా వానికి? నలభై పేజీలు. గా నలభై పేజీలు సూపెట్టకుంట, తిన్నవార అని ఒక్కసారి అడిగి ఉంటే ఇయ్యాల నా పక్క మంచం మీద ఉంటుండె. నీకు మాత్రం మాట్లాడెటందుకు మనిషి ఉన్నది అక్కా. నంబరు బందు పెట్టింది నువ్వు. ఆమె గాదు. తియ్యెటిది గూడ నువ్వే."

మాణిక్యాంబ ఆ ఖాళీ చోటు వైపు చూసింది. తరవాత తన కాగితం దగ్గరికి లాక్కుని, పాఠశాలలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో, మూడు చోట్లా పూర్తి పేరు రాసింది.

రాజేశ్వర్ తేదీ ముద్ర తీసి, సిరా మెత్త మీద అద్ది, మూడు సార్లు కొట్టాడు. కొట్టేటప్పుడు చప్పుడు గట్టిగా రావాలని ఆయన పట్టుదల. చప్పుడు లేని ముద్రని మన జనం నమ్మరు. ఒక ప్రతిని ఆమె ఫోన్‌తోనే ఫొటో తీసి, ఏడుమెట్లవాళ్ళ నంబరుకి ఆమె చేతే పంపించాడు. రెండు గీతలు పడ్డాయి. కాసేపటికి అవి నీలం రంగుకి తిరిగాయి. అటునుంచి ఫోన్ మోగింది. మాణిక్యాంబ ఆ పేరు వైపు చూసింది. చల్లటి గొంతు ఆవిడే.

"ఎత్తాలా అండీ?"

"నీ ఇష్టం. ఎత్తితే తప్పు లేదు, ఎత్తకున్న తప్పు లేదు."

మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. మూడోసారి మోగలేదు.

"ఖలాస్," అన్నాడు రాజేశ్వర్. అని లైట్లు ఆర్పడం మొదలుపెట్టాడు. గోడ గడియారంలో ఒంటిగంటకి పది నిమిషాలుంది.

మాణిక్యాంబ బయటికొచ్చి కొట్టు మెట్టు మీద కూర్చుంది. ఫోన్లో దుర్గ పేరు వెతికి, పద్నాలుగు నెలల కిందట వేసిన తాళం తీసింది. తీయడానికి రెండు వేళ్ళ పని. నంబరు నొక్కింది. అయిదో మోతకి ఎత్తారు.

అటు ఎవరూ హలో అనలేదు. గిన్నెల చప్పుడు వినపడుతోంది.

"దుర్గా."

"ఊఁ."

"నేనే."

"పేరు పడింది, చదువుకోగలను." గరిటె గిన్నెకి తగిలింది. "మాట్లాడితే మాట్లాడు. లేదంటే పెట్టెయ్. పొయ్యి మీద చేపల పులుసు ఉంది నాకు."

"మాట్లాడతానే."

"మాట్లాడతావా." అటు ఊపిరి ఒకటి గట్టిగా పీల్చిన చప్పుడు. "అయితే ఉండు. మంట తగ్గించి వస్తాను. ఈ లోపల పెట్టేశావో, ఈసారి తాళం నేనేస్తాను."

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు. అడుగులు. కొళాయి తిరిగింది. ఎవరో పసిపిల్ల అరబ్బీలో దుర్గని పిలిచింది, దుర్గ ఏదో అంది. మాణిక్యాంబ ఫోన్‌ని రెండు చేతులతో చెవికి అదుముకుని, ఊరు కాని ఊళ్ళోని ఆ వంటింటి చప్పుళ్ళన్నీ వింటూ కూర్చుంది.

వెనకాల షట్టరు కిందికి దిగింది. రాజేశ్వర్ వంగి తాళం వేసి, లాగి చూసుకున్నాడు. సంచి భుజానికి తగిలించుకుని, మెట్టు మీద ఆమె కాళ్ళు తగలకుండా పక్కగా దిగాడు.

"ఆఁ, వచ్చాను," అంది దుర్గ. "ఇప్పుడు చెప్పు. మొదట్నించీ చెప్పు."

మాణిక్యాంబ నోరు తెరిచింది. ఏడుపు ముందొచ్చింది. దాన్ని మింగి, మొదట్నించీ చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో ఎప్పుడో, ఆయనకి ఎల్లొస్తానండి అని చెప్పాలని తోచి తలెత్తింది. రాజేశ్వర్ అప్పటికే రోడ్డు దాటి, వరసగా ఆపిన టాక్సీల మధ్యనుంచి తలొంచుకుని నడుస్తున్నాడు. మెస్సులో అన్నం అయిపోకముందే చేరాలన్నట్టు, కొంచెం తొందరగా. సందు మలుపు తిరిగాడు, వెనక్కి చూడలేదు.